శౌరమ్మ పోసిన నీళ్ళు

మేడ్చల్ బస్టాండు వెనక సందులో పద్మలత డాక్టరమ్మ నడిపే కాన్పుల దవాఖానలో శౌరమ్మ ఏళ్ళ తరబడి ఆయాగా పనిచేసింది. పుట్టిన బిడ్డను మొదట ఒడిలోకి తీసుకునేది ఆమే, తుడిచేది ఆమే, వరండాలో నిలవలేక తిరుగుతున్న తండ్రిని పిలిచి మొహం చూపించేదీ ఆమే. డాక్టరమ్మ హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకునేది గానీ, అందులో సగం శౌరమ్మదేనని కాన్పయిన ఆడవాళ్ళకు తెలుసు.

శౌరమ్మ కాథలిక్కు. డాక్టరమ్మకు తెలియకుండా ఆమె చేసే పని ఒకటుండేది. బతకదనుకున్న బిడ్డ ఎవరిదైనా సరే, హిందువులదా, ముస్లిములదా అని చూసేది కాదు. తడి దూదితో నుదురు తుడిచే వంకన మూడుసార్లు నీళ్ళు జారవిడిచి, పెదవి కదలకుండా పిత, పుత్ర, పవిత్రాత్మల పేరు చెప్పి జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, ఇచ్చేసేది. ఆ రోజు గుడి కేలండర్లో ఏ పునీతుల పండుగ ఉంటే బిడ్డకు ఆ పేరు. అప్పటిదాకా మేకలు కాసుకునే కుర్మయ్య మనవడిగా ఉన్నవాడు కాస్తా అంతోని అయిపోయి పరలోకానికి వెళ్ళేవాడు. ఆ సంగతి కుర్మయ్యకు ఈనాటికీ తెలియదు.

అడక్కుండా పరాయి బిడ్డకు ఇలా చేయడం అన్యాయం కాదా అంటే అన్యాయమే. అందులో వాదించడానికేమీ లేదు. కానీ శౌరమ్మకు అది అన్యాయంగా తోచలేదు. దాహంతో ఉన్నవాడికి నీళ్ళు పోయడానికి కులమడుగుతామా అనుకునేది. ఆమెను అట్లా తయారుచేసింది ఆమె మొదటి కాన్పు.

అది శామీర్‌పేట అవతల అత్తగారి ఊళ్ళో, 1970 ఎండాకాలంలో. ఆడపిల్ల. పొద్దున పుట్టి మధ్యాహ్నానికి పోయింది. ఊళ్ళో జపాలు నేర్పే ఉపదేశి ఆ వేళకు పక్క ఊరికి పోయి ఉన్నాడు. సాయంత్రం తిరిగొచ్చి, జ్ఞానస్నానం లేని బిడ్డకు సమాధుల కంచె లోపల చోటు లేదన్నాడు. కంచె అవతల, రోడ్డు వైపు తుమ్మ చెట్ల కింద బొంద తీశారు. ఆదివారం పూజకు వచ్చిన ఫాదరు సామి సంగతంతా విని జాలిపడ్డాడు. జాలిపడి ఊరుకున్నా బాగుండేది. ప్రాణం పోయే వేళ సామే రానక్కర్లేదమ్మా, ఎవరైనా పోయవచ్చు, నువ్వే గ్లాసెడు నీళ్ళు పోసి మూడు పేర్లు చెప్పి ఉంటే నీ బిడ్డ దేవుడి మొహం చూసేది అన్నాడు. మరి ఇప్పుడెక్కడుంది సామీ అంటే, నరకం కాదు, భయపడకు, అట్లాంటి పసివాళ్ళకు వేరే చోటుంది, అక్కడ బాధ ఉండదు, దేవుడూ కనపడడు అని చెప్పి, మోటారు సైకిలెక్కి ఇంకో ఊరి పూజకు వెళ్ళిపోయాడు.

నీళ్ళ కుండ మంచానికి చేతికందే దూరంలో ఉండింది. పోయవచ్చని ఎవరూ చెప్పలేదు. ఈ రెండే శౌరమ్మ బతుకంతా. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె అంతగా కుమిలిపోలేదు.

దవాఖానలో తాను నీళ్ళు పోసి పంపిన పిల్లల కోసం ఆమె ఏడ్చేది కాదు. పాపమంటకుండా నేరుగా దేవుడి దగ్గరికి పోయారు గనక వాళ్ళు పునీతులే. రోజూ సాయంత్రం జపమాల చెప్పాక వాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్పి, కంచె అవతల ఉన్న నా బిడ్డ సంగతి దేవుణ్ణి అడగండయ్యా అని వేడుకునేది. పోపుగారు చాటిన పునీతులు వందలమంది ఉన్నారు గానీ వాళ్ళంతా ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో. వీళ్ళు మేడ్చల్ వాళ్ళు, తన చేతుల మీదుగా పోయినవాళ్ళు. మొహమాటానికైనా తన మాట వింటారని ఆమె ధీమా.

ఆ ఆడపిల్ల తర్వాత శౌరమ్మకు పుట్టినవాడు శాంసన్ ఒక్కడే. దూలపల్లిలో ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో మిషను నడిపేవాడు. అక్కడే ప్యాకింగులో పనిచేసే రాహేలును చేసుకుంటానని 1998లో ఇంట్లో చెప్పాడు. రాహేలు తండ్రి సాలోమోను పాస్టరు. యాప్రాల్‌లో ఇంటికి ఆనించి రేకుల షెడ్డు వేసి ప్రార్థనా మందిరం నడిపేవాడు. పిల్లనిస్తాను గానీ పిల్లవాడు బాప్తిస్మం తీసుకోవాలన్నాడు. వాడికి ఎనిమిదో రోజే అయిందని శౌరమ్మ అంటే, బుద్ధెరగని పసివాడి నుదురు తడిపితే బాప్తిస్మమెట్లా అవుతుంది, నమ్మినవాడు నమ్మానని నోటితో ఒప్పుకుని నిండా మునగాలి అన్నాడు. శాంసన్ తల్లి మొహం చూశాడు, రాహేలు మొహం చూశాడు, శామీర్‌పేట చెరువులో మునిగాడు. శౌరమ్మ కట్ట మీద నిలబడి చూసింది. తాను పోయించిన నీళ్ళను దేవుడే తుడిచేశాడా అని ఆ పూటంతా అదే తలపోసింది.

పెళ్ళయ్యాక ఆదివారాలు సాలోమోను కూతురిని చూడటానికి మేడ్చల్ వచ్చేవాడు. కోడికూర తింటున్నంతసేపూ మంచివాడే. చేయి కడుక్కుని కూర్చున్నాక గోడమీది మరియమ్మ పటం కనపడేది, ఇంక మొదలు. క్రీస్తు శిలువ మీద చేయాల్సిందంతా చేసేశాడు, రక్తం కార్చి మన పాపం తీర్చేశాడు, దానికి పైన మీ పూజలెందుకు, చచ్చిపోయినవాళ్ళకు జపాలెందుకు అనేవాడు. పునీతుల దగ్గరికి వచ్చేసరికి గొంతు పెరిగేది.

“తండ్రి ఇంట్లకు పోనీకె బిడ్డకు ఎవ్వలన్న చిట్టీ రాసియ్యాల్నా చెల్లె?” అనేవాడు.

శౌరమ్మ తక్కువ తిన్నదేమీ కాదు. మీకు జరమొస్తే మందిరంలో అందరినీ ప్రార్థన చేయమని అడుగుతారు గదా, బతికున్న పక్కింటివాడు మీ కోసం అడగవచ్చుగానీ దేవుడి పక్కనున్నవాడు అడగగూడదా అని తిప్పికొట్టేది. నమ్మితే చాలు, అంతా అయిపోయిందంటారు, మరి శాంసన్‌ను చెరువులో ఎందుకు ముంచావని కూడా అడిగేది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినేవాళ్ళు కాదు. తనకు తెలియదు అనే మాట ఆ ఇద్దరి నోటా ఎన్నడూ రాలేదు.

వీళ్ళు ఎట్లా కొట్టుకున్నా అత్తాకోడళ్ళకు మాత్రం బాగా కుదిరింది. రాహేలుకు చిన్నప్పుడే తల్లి పోయింది. శౌరమ్మకు ఆడపిల్ల లేదు. కంపెనీ నుంచి అలిసి వచ్చిన కోడలి తలకు నూనె పెట్టి చిక్కు తీస్తూ కూర్చోవడం శౌరమ్మకు ఎంత ఇష్టమంటే, ఆ వేళకు జపమాల ఆలస్యమైనా పట్టించుకునేది కాదు. రాహేలు కూడా తండ్రి మాటలు తండ్రి దగ్గరే ఉంచి, మరియమ్మ పటానికి పట్టిన దుమ్ము తానే తుడిచేది. అట్లాంటి కోడలు దొరికిందని శౌరమ్మ సందులో అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

2000లో రాహేలుకు అయిదో నెల నడుస్తుండగా, ఆ దవాఖానలోనే నర్సుగా ఉన్న రోజీ ఆమె చెవిన ఒక మాట వేసింది. రోజీ సాలోమోను మందిరానికి వచ్చే పిల్ల. దూది వంకన శౌరమ్మ చేసే పనిని ఒకసారి కళ్ళారా చూసింది. ఆ సాయంత్రం రాహేలు తలకు నూనె పెట్టించుకుంటూనే అడిగింది. శౌరమ్మ అబద్ధమాడలేదు.

“అత్తమ్మా, నా బిడ్డకు మాత్రం పొయ్యొద్దు,” అంది రాహేలు. “నా బిడ్డ ఏసయ్య రక్తంల ఉన్నది. బతికినా గంతే, సచ్చినా గంతే. నువ్వు నీళ్ళు పోసినవంటె ఆ రక్తం సాల్దన్నట్టే.”

పోయను అంది శౌరమ్మ. రాహేలు వెనక్కి తిరిగి, అట్లా కాదు, మరియమ్మ మీద ఒట్టు పెట్టమంది. పాస్టరు కూతురు, మరియమ్మకు మొక్కడం పాపమని ఉగ్గుపాలతో నేర్చుకున్న పిల్ల, అత్తను దేనితో కట్టిపడేయవచ్చో తెలుసుకుని మరీ అడిగింది. శౌరమ్మ నూనె చేయి కోడలి తల మీదే ఉంచి ఒట్టు పెట్టింది. పుట్టేది బలంగా పుడుతుంది, ఈ గోల ఎందుకులే అనుకుంది.

ఏడో నెల దాటీ దాటకముందే, జూలై ఇరవై ఆరున పొద్దున రాహేలుకు నొప్పులొచ్చాయి. వాన. పదిగంటలకు కాన్పయింది. ఆడపిల్ల, కిలో కూడా లేదు. ఇక్కడ పెట్టుకుంటే లాభం లేదు, పట్నంలో పిల్లల పెద్ద దవాఖానకు పంపాలి అని డాక్టరమ్మ బండికి ఫోను చేసింది. కొంపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా లారీ పడింది, బండి ఆగిపోయింది. డాక్టరమ్మ, రోజీ రాహేలుకు ఆగని నెత్తురుతో తంటాలు పడుతున్నారు. పక్క గదిలో బల్బు వెలుతురు కింద దూదిలో చుట్టిన బిడ్డ, బిడ్డ పక్కన శౌరమ్మ.

గంటసేపు ఆమె పోయలేదు. ఇది నమ్మాలి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒట్టు, ఒట్టు అని తనకు తాను చెప్పుకుంటూ కూర్చుంది. మరియమ్మ మీద పెట్టిన ఒట్టు తప్పితే తనకు పాపం. తప్పకపోతే ఈ బిడ్డ పోయి ఆ బిడ్డ ఉన్న చోట చేరుతుంది. మేనత్తా మేనకోడలూ ఇద్దరూ దేవుడు కనపడని చోట. బిడ్డ పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి ఆగి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఆగింది. శౌరమ్మ లేచి స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. ఈసారి దూది వంక కూడా పెట్టుకోలేదు. ఆ రోజు కేలండర్లో మరియమ్మ తల్లి అన్నమ్మ గారి పండుగ. అన్నమ్మా అని పిలిచి పోసింది.

ఇంకో ఇరవై నిమిషాలకు బిడ్డ పోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఆ క్షణాన శౌరమ్మకు కలిగింది సంతోషం. ముప్పై ఏళ్ళ కింద చేయలేనిది చేసేసింది. పాపం తన నెత్తిన పడితే పడనీ, బిడ్డ దాటిపోయింది. మొహం కడుక్కుని వరండాలోకి వెళ్ళి, పొడి కళ్ళతో కొడుకుకు చెప్పింది.

ఆ పొడి కళ్ళను సాలోమోను వేరేగా అర్థం చేసుకున్నాడు. యాప్రాల్ సమాధుల తోటలో బిడ్డను పెట్టేటప్పుడు, పసిపిల్లలను క్రీస్తు ఎప్పుడో కొనుక్కున్నాడు, వాళ్ళ కోసం ఏడవడం అవిశ్వాసం అని ప్రసంగం చేసి, మా చెల్లెను చూడండి, రోమన్ కాథలిక్ అయ్యుండీ కంట చుక్క లేకుండా నిలబడింది, విశ్వాసమంటే అదీ అని అందరి ముందూ పొగిడాడు. శౌరమ్మ తల వంచుకుంది. నువ్వు ప్రసంగం చెప్పుకో అన్నా, పని నేను చేసిన అనుకుంది లోపల. నెత్తురు ఆగి తేరుకున్న రాహేలు మాత్రం అత్త భుజం మీద తల పెట్టుకుని, ఒట్టు నిలబెట్టుకున్నందుకు మెల్లగా థ్యాంక్స్ చెప్పింది.

శౌరమ్మ అప్పుడే చెప్పేస్తే పోయేదేమో. చెప్పలేదు.

నవంబరు రెండున కాథలిక్కులు సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి చచ్చిపోయినవాళ్ళ కోసం జపాలు చెప్పుకుంటారు. శౌరమ్మ పొద్దున మొగుడి సమాధి దగ్గర ఆ పని ముగించుకుని, బస్సులు మారి యాప్రాల్ వెళ్ళింది. రాహేలు అప్పటికి రెండు రోజులుగా పుట్టింట్లోనే ఉంది. శౌరమ్మ వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. మనవరాలి దగ్గర కొవ్వొత్తి వెలిగించలేదు. అక్కర్లేదు గదా. పునీతురాలి కోసం మనం జపం చెప్పం, మన కోసం చెప్పమని ఆమెనే అడుగుతాం. అందుకే మోకాళ్ళ మీద కూర్చుని, దండం పెట్టి, కొంచెం గట్టిగానే అడిగింది.

“అన్నమ్మా, మీ అమ్మ దుక్కపడుతాంది. దేవున్ని అడిగి మీ అమ్మ కడుపు పండియ్యి బిడ్డా.”

రాహేలు పూలు తీసుకుని వచ్చి వెనకే నిలబడి ఉంది. శౌరమ్మ లేచి తిరిగేసరికి కోడలి మొహంలో రక్తం లేదు.

“అన్నమ్మ ఎవ్వలు?” అంది. శౌరమ్మ మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంది. “మేమింక పేరే పెట్టలే గద నా బిడ్డకు. అన్నమ్మ ఎవ్వలు అత్తమ్మా?”

పేరుందంటే నీళ్ళు పోసినట్టే, మొక్కుతున్నదంటే పోసిన నీళ్ళ మీద నమ్మకమున్నట్టే. ఆ కుటుంబంలో పెరిగిన ఎవరికైనా అది అర్థం కావడానికి ఇంకో మాట అక్కర్లేదు. రాహేలు అరవలేదు. పూలు సమాధి మీద పెట్టి, మళ్ళీ తీసేసి, ఒట్టు పెట్టిన చేత్తోనే పోసిన్రా అని మాత్రం అడిగింది. అప్పటిదాకా నువ్వు అని పిలిచే అత్తను మీరు అనడం అదే మొదలు.

తర్వాతిదంతా సాలోమోను చేసిన రభస. మేడ్చల్ సందులో నలుగురూ వినేట్టు నిలబడి, క్రీస్తు రక్తం చాలదని ఈమె గ్లాసుతో నీళ్ళు కలిపిందన్నాడు. నీ కూతురి కూతురు దేవుడి దగ్గర ఉండటం నీకిష్టం లేదా అని శౌరమ్మ ఎదురడిగింది. తప్పయిందని ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో. అనలేదు, ఎందుకంటే ఒట్టు తప్పినందుకు ఆమెకు బాధ ఉంది గానీ నీళ్ళు పోసినందుకు లేదు. శాంసన్ ఎప్పటిలాగే తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, ట్రంకు పెట్టె ఆటోలో పెట్టుకుని యాప్రాల్ వెళ్ళిపోయాడు.

ఏడేళ్ళు. క్రిస్మసుకు శాంసన్ ఒక్కడే కేకు పట్టుకుని వచ్చి, గడపలో నిలబడి, బాగున్నవానే అని అడిగి పోయేవాడు. కోడలి సంగతి అడిగితే మంచిగనే ఉన్నదనేవాడు. శౌరమ్మకు మోకాళ్ళు అరిగి ఆయా పని మానేసింది. నూనె సీసా గూట్లో మురిగిపోయింది. సాయంత్రం పునీతుల వరసలో అన్నమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి గబగబా చెప్పి దాటిపోయేది. అయినా తాను చేసింది సరైన పనే, దానికి తగిన బాధే ఇది అని సర్దిచెప్పుకునేది. ఆ ఒక్క నమ్మకంతోనే ముద్ద మింగేది.

2007 వానాకాలంలో గుడికి కుర్ర ఫాదరొకాయన కొత్తగా వచ్చాడు. చదువుకున్నవాడు, నవ్వుమొహం. ఒక ఆదివారం పూజ అయ్యాక పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిపిల్లల గురించి రోమునుంచి కాగితమొచ్చింది, వాళ్ళను దేవుడు తన దయలోకి తీసుకుంటాడని మనం ఆశపెట్టుకోవచ్చు, ఆ వేరే చోటు అన్నది కాథలిక్ సభ ఎన్నడూ విశ్వాస సత్యమని చాటలేదు, వెనకటి పండితులు అనుకున్న మాట మాత్రమే అని చెప్పి, ఇంకో విషయంలోకి పోయాడు. విన్నవాళ్ళలో ఒకామె ఆవలించింది.

శౌరమ్మ అందరూ వెళ్ళేదాకా ఆగింది.

“గది ఎప్పట్సంది సామీ?” అని అడిగింది.

ఫాదరు నవ్వి, దేవుడి దయ ఎప్పటినుంచో ఉన్నదే గదమ్మా, ఇప్పుడు కొంచెం స్పష్టంగా చెప్పారంతే అన్నాడు. మరి నా బిడ్డను కంచె అవతల ఎందుకు పెట్టిన్రు అని అడిగింది. ఫాదరు మొహంలో నవ్వు పోయింది. అప్పటికి తాను పుట్టనే లేదన్నాడు. పాపం, నిజమే. ఆ చోటు చూపిస్తే వచ్చి జపం చెప్పి ఆశీర్వదిస్తానని కూడా అన్నాడు. చూపించడానికేముంది? కరీంనగర్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ తుమ్మ చెట్లూ ఆ కంచే అందులో కలిసిపోయాయి. ఇప్పుడు అక్కడ బస్సులు పోతుంటాయి.

సంతోషపడాల్సిన మాట. బిడ్డ దేవుడి దగ్గరే ఉందంటున్నారు గదా. శౌరమ్మకు సంతోషం రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏడేళ్ళు ఆమె మోసిన బరువును, ఎవరో అనుకున్న మాటట, ఒక్క వాక్యంలో తీసి పక్కన పెట్టారు. ఆ అనుకున్న మాట కోసం ఊళ్ళో బతకని పిల్లలందరికీ దొంగతనంగా నీళ్ళు పోసింది. ఆ అనుకున్న మాట కోసం మరియమ్మ మీద ఒట్టు తప్పింది, కొడుకును పోగొట్టుకుంది, తన భుజం మీద తల పెట్టుకున్న పిల్లను పోగొట్టుకుంది. ఆ సాయంత్రం జపమాల చేతిలోకి తీసుకుంది గానీ ఒక్క పేరూ చెప్పలేకపోయింది. వాళ్ళు తన దయవల్ల అక్కడికి పోలేదు. తన చిట్టీ ఎవరికీ అక్కర్లేకపోయింది.

మర్నాడు యాప్రాల్ బస్సెక్కింది. రాహేలుకు చెప్పాలి. నీళ్ళు అక్కర్లేదట బిడ్డా, నువ్వన్నదే నిజమట, తప్పు నాదే అని చెప్పాలి. ఏడేళ్ళ కింద రాని మాట ఇప్పుడు నోటి నిండా ఉంది. ఇది వింటే రాహేలు కరుగుతుందని, మళ్ళీ అత్తమ్మా అంటుందని దారంతా అనుకుంటూనే ఉంది.

సాలోమోను వేరే ఊళ్ళో ప్రార్థన కూటాలకు పోయాడు. శాంసన్ డ్యూటీలో ఉన్నాడు. తలుపు తీసిన మనిషి రాహేలేనని పోల్చుకోవడానికి శౌరమ్మకు రెండు క్షణాలు పట్టింది. జుట్టు సగం నెరిసింది. ముప్పై మూడేళ్ళ పిల్ల. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా నిలబడింది. శౌరమ్మ దారంతా కూర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పింది. ఫాదరు అన్నది చెప్పింది, తప్పయిందని చెప్పింది. రాహేలు చివరిదాకా విని, గోడకు ఆనుకుంది.

“మూడేండ్ల కింద నాకింకో పిల్లగాడు పుట్టిండు,” అంది. “సచ్చే పుట్టిండు. మీకు చెప్పొద్దని ఆయనకు నేనే చెప్పిన.”

శౌరమ్మ ఖాళీ అయిన గ్లాసు కింద పెట్టింది.

రాహేలు గొంతు పెంచకుండానే చెప్పుకుపోయింది. నాయిన ఎప్పటిలాగే ప్రసంగం చెప్పాడట. పిల్లవాడు పరలోకంలో ఉన్నాడు, రక్షణ పొందిన ఇంట్లో ఏడుపు వినపడగూడదన్నాడట. ఇదివరకైతే ఆ మాట నమ్మి నిద్రపోయేదాన్ని అంది. మొదటి బిడ్డకు ముందు తనకు ఆ భయమన్నదే తెలియదు. అత్త అంత నమ్మకంగా, మరియమ్మ మీద ఒట్టు కూడా కాదనుకుని పోసిందంటే, పోయకపోతే ఏదో ఉండే ఉంటుందన్న మాట తలలో జొరబడింది. పిల్లవాణ్ణి చేతిలో పెట్టినప్పుడు, పక్కన గ్లాసులో నీళ్ళున్నాయి. పాస్టరు కూతురు పోయగూడదు. పోయలేదు. ఇప్పుడు మూడేళ్ళుగా కళ్ళు మూస్తే ఆ గ్లాసే కనపడుతుందట.

నీ బాధ నాకెరుకే అనబోయింది శౌరమ్మ. ఆ బాధ ఇచ్చింది తానేనని గుర్తొచ్చి ఆగిపోయింది. అదేం లేదు బిడ్డా, ఫాదరు చెప్పిండు గదా, పిల్లగాడు దేవుని దగ్గరే ఉన్నడు అని మళ్ళీ మొదలుపెట్టింది.

“మీ ఫాదరు చెప్పింది ఒద్దు. మా నాయిన చెప్పింది ఒద్దు,” అంది రాహేలు. “మీరు చెప్పున్రి. నా కొడుకు ఏడున్నడు?”

శౌరమ్మ ఎన్నడూ తడుముకోని మనిషి. సాలోమోనుకు ఎప్పటికప్పుడు జవాబు చెప్పిన మనిషి. ఇప్పుడు లోపల ఎంత వెతికినా, పాత సామి మాటా కొత్త ఫాదరు మాటా తప్ప తనదంటూ ఒక్క మాటా దొరకలేదు.

“నాకు తెల్వదు బిడ్డా,” అంది.

రాహేలు కళ్ళలోకి అప్పుడు నీళ్ళొచ్చాయి. అత్త దగ్గరికి రాలేదు. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోతూ, వెనక్కి తిరక్కుండా అంది.

“గా మాట మీరు గా రోజే అనుకుంటె, నీళ్ళు పొయ్యకపోదురు.”

లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడింది, అదీ ఆగిపోయింది. ఎవరూ మళ్ళీ బయటికి రాలేదు. చివరికి శౌరమ్మ లేచి తలుపు తానే దగ్గరికి వేసి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.